ఖర్జూరాలు తిన్నావా?

రెండువేల పదిహేను వేసవిలో నేను యెమెన్‌లోని ఏడెన్ నగరంలో, ఒక ఆసుపత్రి డయాలసిస్ యూనిట్‌కు ఇన్‌చార్జి సిస్టర్‌ని. మాది పొదిలి. యుద్ధం ఊళ్లోకి వచ్చాక మన నర్సులు చాలామంది ఓడలెక్కి వెళ్లిపోయారు. నేనూ, చిలకలూరిపేట నుంచి వచ్చిన స్టాఫ్ నర్సు మస్తాన్‌బీ ఉండిపోయాం.

పాడైన మూత్రపిండాల బదులు మిషన్‌తో రక్తాన్ని శుభ్రం చేయడమే డయాలసిస్. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు చేయాలి. జనరేటరుకు డీజిల్ చాలక వారానికి ఒకసారికి తగ్గించాం. మధ్యలో ఒంట్లో పేరుకునే పొటాషియం గుండెను ఆపేయగలదు. అందుకని అది ఎక్కువగా ఉండే ఖర్జూరం, పప్పు తినొద్దని రోగులకు గట్టిగా చెప్పేదాన్ని. ఆ రోజుల్లో పేదవాళ్లకు దొరికినవి ఆ రెండే.

మా రోగుల్లో ఒకరైన ఫాతిమా బడిలో టీచరు. ముప్పై ఏళ్లుంటాయి. "పప్పు ఉడికించి, ఆ నీళ్లు వంచేసి తిను, పొటాషియం కొంత పోతుంది" అన్నాను ఒకరోజు.

"వంచెయ్యడానికి నీళ్లెక్కడివి సిస్టర్?" అంది.

నాకు కోపం వచ్చింది. కూడనివి తిని నా దగ్గరికి రావద్దని అందరి ముందూ కసిరాను. మస్తాన్‌బీ పక్కకు పిలిచి, "వాళ్లింట్లో ఇంకేం లేదక్కా" అంది. విననట్టే తర్వాతి రోగి దగ్గరికి వెళ్లాను.

పై వారం డీజిల్ రెండు రోజులు ఆలస్యమైంది. వచ్చింది ఒక్క మిషన్‌కే సరిపోతుంది. బయట ఇద్దరున్నారు: ఆయాసంతో రొప్పుతున్న ఒక ముసలాయన, తల్లి భుజం పట్టుకుని వచ్చిన ఫాతిమా. రక్తంలో పొటాషియం ఎంతుందో చూసే ల్యాబ్ మూతపడింది. ఈసీజీ మిషన్ పనిచేయడం లేదు. డాక్టరుగారు గాయపడ్డవాళ్లతో ఆపరేషన్ థియేటర్లో ఉన్నారు. ఎవరు ముందో నేనే తేల్చాలి. అడిగి తెలుసుకోవడం తప్ప దారి లేదు.

"ఖర్జూరాలు తిన్నావా?"

"లేదు సిస్టర్."

"కాళ్లు లాగేస్తున్నాయా?" పొటాషియం పెరిగినప్పుడు కాళ్లు లాగుతాయి, బలం తగ్గుతుంది.

"నడిచొచ్చాను కదా, అందుకే" అంది తల దించుకుని.

ముసలాయనను ముందు మిషన్ మీద పెట్టాను. గంటన్నర తర్వాత ఫాతిమా కుర్చీలోనే పక్కకు ఒరిగిపోయింది. పొటాషియం దెబ్బ నుంచి గుండెను కాసేపు కాచే కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చాం, ఛాతీ నొక్కాం. గుండె మళ్లీ కొట్టుకోలేదు.

తల్లి ఏడుస్తూ అన్న మాటలు నాకొచ్చిన కొద్దిపాటి అరబ్బీకి అందలేదు; మస్తాన్‌బీ తెలుగులో చెప్పింది. "రెండు రోజులు పస్తు ఉందట అక్కా. నిన్న ఆగలేక ఖర్జూరాలు తిన్నదట. మీరు తిడతారని చెప్పొద్దందట."

ముసలాయన బతికాడు. ఆమె నిజం చెప్పి ఉంటే మిషన్ ఎవరికిచ్చేదాన్నో ఇప్పటికీ తేల్చుకోలేను. కాల్షియం మాత్రం ఆమె రాగానే ఇచ్చేదాన్ని.

తిరిగొచ్చాక, రిటైరయ్యేదాకా మా ప్రాంతంలోనే డయాలసిస్ సెంటర్లో పనిచేశాను. చేతికింద చేరిన ప్రతి నర్సుకూ ఒక మాట చెప్పాను: మనల్ని చూసి భయపడే రోగి ఏం తిన్నాడో చెప్పడు. అది తెలియకపోతే, అలమారలో మందున్నా దాన్ని ఎప్పుడు తీయాలో మనకు తెలియదు.