ఎడమవైపు రంపాలు

అన్న పోయాక వడ్రంగి పని మానలేదు, ఏడవనూ లేదు. ఇద్దరూ ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్న పనిముట్ల గోడ మొదలుపెట్టాడు. పలకను పొడుగునా ఏటవాలుగా కోసి, ఒక సగం గోడకు బిగిస్తాడు, రెండో సగం పనిముట్టు తగిలించే చెక్కకు. ఒకదాని మీద ఒకటి కూర్చోగానే అరచేత్తో కిందికి నొక్కి చూస్తాడు. కదలదు. కావాలంటే ఎత్తి ఇంకోచోట తగిలించుకోవచ్చు.

టీ తెచ్చిన వదిన గోడకేసి చూస్తూ నిలబడిపోయింది. "రంపాలన్నీ ఎడమవైపు పెట్టావేంటయ్యా? మీ అన్నదంటే ఎడమచేతి వాటం, నీది కుడిచెయ్యే కదా!"

వడ్రంగి అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు గోడ వైపు చూశాడు. "మార్చడానికెంతసేపు వదినా, ఎత్తి పెట్టడమేగా" అంటూ గ్లాసు అందుకున్నాడు.

మార్చలేదు. రంపం కావాల్సిన ప్రతిసారీ బల్ల చుట్టూ తిరిగి వెళ్లి తెచ్చుకుంటున్నాడు.