మధ్యాహ్నం పూట తడి జడ

మా సంగీతం టీచరుగారు శ్రీకూర్మంలో పోయారని మొన్న కబురొచ్చింది. చెప్పినాయన "పెద్ద వయసేలెండి" అన్నాడు. నాకు మాత్రం వెన్నుకాచే మనిషి పోయినట్టనిపించింది.

అరవైల చివర్లో విజయనగరం దగ్గర జమీందార్ల ఆడపిల్లలు ఉండి చదువుకునే బడిలో ఆవిడ పాట నేర్పేవారు. ఉపకారవేతనం మీద చేరిన మాలపేట పిల్లను నేనొక్కదాన్నే. నాకు ముందు నాలాంటిదే ఒకతె ఉండేదట, దొంగతనం అంటగట్టి పంపేశారట. ఆమె మంచమే నాకిచ్చారు. ఆమె మాటెత్తితే పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని నవ్వేవారు. ఆ నవ్వంటే నాకు భయం.

టీచరుగారు తంబురా నా ఒళ్లోనే పెట్టేవారు. దాంతో మిగతావాళ్లు దాన్ని ముట్టుకోవడం మానేశారు. "పోనీలే, నీకే ఎక్కువసేపు దొరుకుతాది. బెదరకు, బెదిరితే శ్రుతి తప్పుతాదే" అనేవారు ఆవిడ, తమలపాకు బుగ్గన పెట్టుకుని.

ఒకనాడు అన్నాలయ్యాక, ఒక జమీందారుగారి అమ్మాయి గొలుసు పోయిందని గోల. అందరూ తిన్నగా నా పెట్టె దగ్గరికే వచ్చి, నాచేతే బట్టలు తీయించి దులిపించారు. నా లంగా మడతల్లోంచి గొలుసు జారిపడింది. "సామాను సర్దుకో, సాయంత్రం బండికి వెళ్లిపో" అన్నారు ప్రధానోపాధ్యాయురాలు. చదువు పోతే నాకు మిగిలేది కూలిపనే.

టీచరుగారు గొలుసు చూడలేదు. గొలుసు పోయిన పిల్లను చూశారు. ఆ పిల్ల జడలోంచి నీళ్లు కారుతున్నాయి.

"పొద్దున్నే తలకి పోసుకున్నావు కదేటే! మిట్టమద్దినేళ మళ్లీ తానమేటి? ఏటి ముట్టుకున్నావే, సెప్పు!"

ఆ పిల్ల జడను వెనక్కి నెట్టుకుంది. నా పెట్టె ముట్టుకుంటే మైల. గొలుసు నా బట్టల్లో పెట్టి, ఆ మైల కడుక్కోకుండా అన్నం ముందు కూర్చోలేకపోయింది ఆ పిల్ల. దిక్కుమాలిన ఆచారమే దాన్ని పట్టిచ్చింది.

"ఏదో పొరపాటు" అని పెద్దలు సర్దేశారు. నా చదువు నిలిచింది. ఈనాడు నేను తినే అన్నం ఆవిడ పెట్టిందే. ఆవిణ్ణి మాత్రం ఆ వారంలోనే ఉద్యోగం మానిపించారు.

ఆవిడ జట్కా ఎక్కుతుంటే ఒక్కరూ దండం పెట్టలేదు. మేడమీద కిటికీ దగ్గర నిలబడ్డాను. గొలుసు పిల్ల వచ్చి మూరెడు దూరంలో ఆగింది. "ఇంకేటి సేస్తావే? ఒక్కర్తివే మిగిలావు" అంది మెల్లగా.

జట్కా మలుపు తిరిగేదాకా టీచరుగారు వెనక్కి తిరిగే కూర్చున్నారు. చెయ్యి ఊపలేదు. నా కిటికీ మీదనుంచి చూపు తిప్పలేదు.