అంటు కింద పడ్డ కోత

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లూ గుండెల మీద బండలా మోశాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. జాలి పడకండి. నా మీద నాకే ఒళ్లు మండిపోతోంది.

అరవైల నాటి మాట. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉండేవాళ్లం. సుగుణ వదిన మా ఆయనకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి తిరిగొచ్చింది. తలలో పువ్వు పెట్టుకోనివ్వరు, కానీ ఇంటి ముందు పూలమొక్కలన్నీ ఆమె చేతి మీదే బతికేవి. వాడిన గులాబీని ఊరికే గిల్లేసేది కాదు. కింద నిండైన ఆకు ఎక్కడుందో చూసి, దాని పైన కత్తెర వేసేది. అక్కడే కొత్త చిగురొచ్చేది. ఆ పూలన్నీ నా జడలోకే. అయినా నాకు అసూయ! ఎవరి మీద? పువ్వు పూయించవచ్చు గానీ పెట్టుకోకూడని మనిషి మీద.

ఏటా వానలు వెనకబట్టాక గులాబీలను బాగా కిందికి కత్తిరించేవాళ్లం. ఆ ఏడు నేనూ చేస్తానని కత్తెర పట్టుకుంటే, అత్త నా చేతిలోంచి లాక్కుని వదినకిచ్చింది.

"నీ చెయ్యి వడితె గరిక గూడ ఎండుతది" అంది, పక్కింటివాళ్లు వింటుండగానే.

అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాడు మధ్యాహ్నం అందరూ పడుకున్నాక, వదిన కత్తిరించిన ఎర్ర గులాబీని మళ్లీ కోశాను. ఈసారి అంటు కట్టిన ముడికి కింద. తెలియక చేశానా? కాదు. ముడి కింద తెగితే అడవి కొమ్మలే లేస్తాయని, పూలు రావని వదినే నాకు వేలు పెట్టి చూపించింది.

అలాగే లేచాయి. ముళ్లు, ఆకులు, ఏపు. చలికాలమంతా ఒక్క మొగ్గ లేదు.

"మొగన్ని మింగినవ్, సాలలేదా? పచ్చటి చెట్టును గూడ మింగితివి. ఇగ మొక్కల దిక్కు పోయినవంటె సూడు!" అని అత్త వదిన మీద విరుచుకుపడింది.

"నేను ముడి మీదనే కోసిన అవ్వా" అని తల్లితో అంటూ వదిన నా వైపు తిరిగింది. "పిల్లా, నువ్వు పక్కనే ఉన్నవ్ గద. జర చెప్పు."

"నాకు యాదికి లేదు వదినా."

నమ్మి అడిగిందా? తెలిసే అడిగిందా? ఇప్పటికీ తేల్చుకోలేను. ఆమె మళ్లీ నన్నేమీ అడగలేదు. వెనక గదిలో బీడీలు చుడుతూ కూర్చునేది. ముందు వాకిట్లోకి రావడమే మానేసింది.

అత్త నోటిని ఎన్నిసార్లు తిట్టుకున్నానో. కానీ ఆ ముసలిది వదిన చెయ్యి చెడ్డదని నిజంగా నమ్మింది. నేను నమ్మలేదు, వాడుకున్నాను. ఎవరు ఎక్కువ నీచం? అత్త పోయాక ఇంటి పెత్తనం నాకొచ్చింది. రా వదినా, కత్తెర పట్టు అనడానికి అడ్డెవరు? అనలేదు. అప్పటికి నాది మంచి చెయ్యి అని చుట్టుపక్కలవాళ్లంతా అనడం మొదలుపెట్టారు. నాకది రుచించింది. ఛీ!

వదిన ఆ గదిలోనే పోయింది. క్షమించమని అడగడానికి ఎవరూ మిగల్లేదు, అడిగే ముఖమూ నాకు లేదు. ఆ రోజు మింగేసిన మాట మాత్రం ఇప్పుడు చెబుతున్నాను. సుగుణ వదిన ముడికి పైనే కోసింది. నేను పక్కనే ఉన్నాను. చూశాను.