నా చెయ్యి పట్టుకున్న ఆయమ్మ

పెండ్లితో ఆగిన చదువును పదేండ్లకు మళ్లా పట్టుకుని, ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు తిరుపతి యూనివర్సిటీలో చేరినాది ఆయమ్మ. మా ఇంట్లోనే బాడుగకుండేది. పిల్లోళ్ల మనసు ఎట్లా ఎదుగుతాదో, అదీ ఆమె చదువు.

"ఇద్దర్ని పెంచినావు, ఇంకా చదివేదేముండాది?" అనింది మా అత్త.

"పెంచినాకే కదమ్మా, నాకేమీ తెలీదని తెలిసింది!"

నా కూతురికి మూడేండ్లొచ్చినా మాట రాలేదు. మూగదేమోనని లోలోపలే ఏడ్చేదాన్ని. అది వేలు చూపిస్తే చాలు, చేతికిచ్చేసేదాన్ని. ఒకరోజు బొరుగుల డబ్బా చూపించింది. నేను లేవబోతే ఆయమ్మ నా చెయ్యి పట్టుకునింది.

"ఉండక్కా, అడగనీ."

బిడ్డ ఏడ్చింది, కాళ్లు కొట్టుకునింది. ఆయమ్మ వదల్లేదు. అప్పుడొచ్చింది మాట: "మా... ఇయ్యి!"

ఆ పొద్దంతా అది ఇయ్యి, ఇయ్యి అంటానే ఉండింది. ఇంట్లో ఉండేవన్నీ తెచ్చిచ్చినాను. ఆయమ్మకే, దండం తప్ప ఏమీ ఇయ్యలేకపోయినాను.