నోట్లో గింజ పడకుండా పాడిన మా చిన్నమ్మ

మా చిన్నప్పుడు... గుమ్మఘట్ట దగ్గర మా ఊళ్ళో, సావుకారి ఇంటి పక్క కొట్టంలో ముప్పైమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని విత్తనానికి వేరుశనక్కాయలు వలిచేవాళ్ళు. అమ్మ పక్కన నేనూ వలిచేదాన్ని. ఆ కొట్టానికి ఒకటే చట్టం... వలుస్తున్నంతసేపూ పాడాలి! సావుకారికి పాటంటే ప్రేమ అనుకునేరు. పాడే నోరు తినలేదు కదా, అందుకు.

వసారాలో కుర్చీ వేసుకుని చెవులు మావైపే పడేసేవాడు. పాట కాస్త సన్నగిల్లితే చాలు, "యాడ పోయినాయే గొంతులు? దవడలు ఆడతాండాయా?" అని అరిచేవాడు. అవి వానలు మొహం చాటేసిన ఏళ్ళు... చాలా ఇళ్ళల్లో పొద్దున పొయ్యి వెలిగేది కాదు. ఎదురుగా గింజల కుప్ప, కడుపులో మంట, నోట్లో పాట. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

అమ్మకు చెల్లెలు, మా చిన్నమ్మ రాహేలుకు అప్పుడు పదహారేళ్ళు. గొంతంటే అదీ గొంతు! ఒక్కతే పాడినా పదిమంది పాడినట్టుండేది. ఒకరోజు అమ్మ చెవిలో మెల్లిగా, "అక్కా, నేను గట్టిగా ఎత్తుకుంటా. మీరు వంతులేసుకోని తినండి" అంది.

అంతే... నలుగురైదుగురు ఆమెతో గొంతు కలిపేవాళ్ళు, మిగతావాళ్ళు తలొంచుకుని నమిలేవాళ్ళు. తర్వాత వాళ్ళు పాడితే వీళ్ళు తినేవాళ్ళు. నేనూ తిన్నాను. దొంగతనమంటారా? అనండి, నాకేం సిగ్గులేదు.

వంతు రానిది చిన్నమ్మ ఒక్కదానికే. ఆమె ఆపితే అందరం దొరికిపోతాం. రెండేళ్ళు ఒక్క గింజ నోట్లో వేసుకోకుండా పాడింది మా పిచ్చితల్లి.

ఆ గొంతు దారిన పోతున్న ఒక హార్మోనియం మేష్టారు చెవిన పడింది. ఆయనది కన్నడ దేశపు నాటక కంపెనీ. మా అవ్వను అడిగి చిన్నమ్మను తీసుకుపోయాడు. ఊరంతా బుగ్గలు నొక్కుకుంది. పిల్ల చెడిపోయిందని సావుకారి తీర్పే చెప్పేశాడు. అవ్వ మాత్రం, "ఈడ తినకుండా ఉండేదానికి పాడాల. ఆడ పాడితే అన్నం పెడతారు. పోనీలేప్పా" అంది.

బళ్ళారి, దావణగెరె, హుబ్బళ్ళి... మొదట తెర వెనక గుంపులో పాడింది, తర్వాత పెద్ద వేషాలకు ఎదిగింది. సరిహద్దు పిల్లకు కన్నడం కొత్తేమీ కాదు. నాలుగైదేళ్ళకు ఆమె పాటలు గ్రామఫోను ప్లేట్లుగా వచ్చాయి. రాయదుర్గం హోటల్లో ఆ ప్లేటు తిరుగుతుంటే జనం టీ చల్లారిపోతున్నా నిలబడి వినేవాళ్ళు. మా ఊళ్ళో మాత్రం ఆమె పేరెత్తేవాళ్ళు లేరు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా!

ఒక ఎండాకాలం చిన్నమ్మ ఊరికొచ్చింది. మేము కొట్టంలో ఉన్నామని తెలిసి నేరుగా అక్కడికే వచ్చింది. సావుకారి ఇంట్లో ఆరోజు చుట్టాలున్నారు. ఆమెను చూడగానే ఆయన ముఖం చేటంతైంది. "ఈ పాప మా కొట్టంలోనే పాట నేర్చింది. నేనే పాడించినా! ఏమ్మా, ఒకటి పాడు" అన్నాడు. చెడిపోయిందన్న నోరే అది!

చిన్నమ్మ వచ్చి మా వరసలో చతికిలబడింది. గుప్పెడు గింజలు తీసుకుంది.

"అప్పుడు నేను పాడితి సావుకారీ, వీళ్ళు తినిరి. ఈపొద్దు వీళ్ళు పాడతారు, నేను తింటా."

గుట్టంతా బయటపడింది! ఇప్పుడు ఎవరు నోరు విప్పితే వాళ్ళ కూలి పోయినట్టే. ఆ ఏడూ కరువే, ఊళ్ళో వేరే పనే లేదు. అలాగని ఎవరూ పాడకపోతే, మాకోసం రెండేళ్ళు పస్తులతో పాడిన మనిషి ఆయన ముందు తలదించుకోవాలి.

ముందు అమ్మ ఎత్తుకుంది. అమ్మది కాకి గొంతు... ఏ పాటైనా ఒకటే రాగం. తర్వాత నేను. తర్వాత అందరూ. చిన్నమ్మ ఆయన కళ్ళల్లోకి చూస్తూ ఒక్కో గింజా నమిలి తింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, దవడ మాత్రం ఆపలేదు. ఆయనే లేచి లోపలికి పోయాడు.

మర్నాడు అమ్మను పనికి రావద్దన్నారు. అమ్మనొక్కదాన్నే... ముందు పాడింది కదా. ఆ ఏడు కళ్యాణదుర్గం పోయి రోడ్డు పనిలో రాళ్ళు మోశాం. బాధగా లేదా అని అడిగితే అమ్మ నన్ను కసిరింది. "ఏం బాధే? లోకమంతా దుడ్లిచ్చి నా చెల్లెలి పాట వింటాది. నా చెల్లెలు నా పాట వినింది."

ఇప్పుడు కాయలు మిషన్ వలుస్తుంది. ఎవరి నోటికీ కాపలా లేదు... పాటా లేదు. మొన్న ఊరి కుర్రాళ్ళు ఫోన్ చేశారు. చిన్నమ్మ పేరు మీద సభ పెడతారట, 'మన ఊరి కోకిల' అని బ్యానర్ కడతారట. కట్టండి నాయనా, కానీ ఆరోజు ఆమెకోసం పాడిన ఆడవాళ్ళందరి పేర్లూ కింద వేయండి అన్నాను. ఇంకా జవాబు లేదు.

మీ ఊళ్ళోనూ ఉండే ఉంటారు... బయటివాళ్ళు మెచ్చాకే 'మనవాళ్ళు' అయినవాళ్ళు, వాళ్ళ పక్కన నిలబడి కూలి పోగొట్టుకున్నవాళ్ళు. వాళ్ళ పేర్లు ఇక్కడ రాయండి. ముందు నేను రాస్తున్నాను.

మా అమ్మ పేరు సంతోషమ్మ.