మా అత్త చేసిన రెండో ఉమ్రా

మొన్న శుక్రవారం మా మనవరాలు నా మంచం మీద ఒక కాగితం, ఒక పెన్ను పెట్టి వెళ్లింది. వచ్చే వారం ఆ పిల్ల, దాని పెనిమిటి హైదరాబాదులో విమానమెక్కి మక్కాకు, ఉమ్రా యాత్రకు పోతున్నారు. అక్కడ నిలబడి దువా చేసేటప్పుడు ఎవరినీ మరచిపోకూడదట, మనవాళ్లందరి పేర్లూ రాసి ఇవ్వమంది. కాగితం నడుమ నిలువుగా గీత గీసి, ఒక పక్క ‘ఉన్నవాళ్లు’, ఇంకో పక్క ‘పోయినవాళ్లు’ అని తనే రాసి పెట్టింది. నేను యాభై దాటాక సాయంత్రం బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నదాన్ని. నా అక్షరాలు పల్లికాయలంత లావుంటాయి, ఒక్కో పేరుకు నాకు ఒక్కో గుటక నీళ్లు కావాలి. అయినా మధ్యాహ్నమంతా కూర్చుని రాశాను. పోయినవాళ్ల పక్కే ముందు నిండింది. నా వయసుకు అది వింతేమీ కాదు. ఒక్క పేరు దగ్గర మాత్రం పెన్ను ఆగిపోయింది. అది మా మరిది పేరు. నేను ఆయన్ని ఎన్నడూ చూడలేదు.

కాగితంతో పాటు ఆ పిల్ల ఒక చిన్న పుస్తకం కూడా వదిలి వెళ్లింది. ఉమ్రా ఎలా చేయాలో తెలుగులో వరుసగా రాసి ఉంది. ఇహ్రాం బట్టలు కట్టుకుని సంకల్పం చెప్పుకోవాలి, లబ్బైక్, ‘నీ పిలుపుకు వచ్చాను’ అంటూ పోవాలి, కాబా చుట్టూ ఏడు తిరగాలి, జమ్‌జమ్ బావి నీళ్లు తాగాలి, సఫా గుట్టకూ మర్వా గుట్టకూ నడుమ ఏడుసార్లు నడవాలి, చివరికి జుట్టు తీయించుకోవాలి. ఎన్ని చుట్లు అయ్యాయో లెక్క చెప్పే ఏర్పాటు ఫోనులోనే ఉందట. వేలు పెట్టుకుని చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. ఇదంతా మా అత్త ఒక్క అక్షరం రాకుండా, తాండూరులో మా వాకిట్లో కాళ్లతో నేర్చుకుంది. చుట్లు లెక్కపెట్టడానికి ఆమెకు ఏడు పత్తి గింజలుండేవి.

మాది దూది ఏకే ఇల్లు. పెళ్లయి నేను ఆ ఇంటికి వచ్చేనాటికి నాకు పదిహేనేళ్లు. కొత్త కోడలిగా నాకు మొదట తెలిసింది ఏమిటంటే, ఆ ఇంట్లో తుమ్మకుండా ఎవరూ అన్నం తినలేరని. కూర మీద దూది, పాల మీద దూది, మా ఆయన కనురెప్పల మీద దూది. పొద్దున లేస్తే ఆయన దూది ఏకే విల్లు మోత. ఊళ్లో ఎవరి పరుపు గడ్డ కట్టినా, ఎవరి బొంత చినిగినా మా వాకిట్లోకే వచ్చేది. బషీరాబాద్ దిక్కు నుంచి బండ్ల మీద వచ్చేవాళ్లు కన్నడంలో బేరమాడేవాళ్లు, మా అత్త తెలుగులో కాదనేది, పని మాత్రం ఎప్పుడూ కుదిరేది. అత్త పొట్టి మనిషి. జుట్టు మాత్రం పొడుగు, ముడి వేస్తే తలకాయంత ఉండేది. కోపం వస్తే అరిచేది కాదు, దూదిని గట్టిగా దులిపేది. ఆ దుమ్ముకు మనమే బయటికి పోవాల్సి వచ్చేది.

లోపలి గదిలో ఒక పరుపు చుట్టి ఉండేది. నీలి గీతల గుడ్డ. దాని మీద ఎవరూ పడుకునేవాళ్లు కాదు. ఏటా చలికాలం ముందు అత్త దాన్ని విప్పి, దూది ఎండబెట్టి, మళ్లీ నింపి కుట్టేది. ఊరందరి దూదీ ఏకే మా ఆయన ఆ ఒక్క పరుపును ముట్టడు. అందుకని అత్తా నేనూ కూర్చుని రెండు రోజులు చేతులతో ఆ దూది విడదీసేవాళ్లం. అది మా మరిది పరుపని నాకు ఆమే చెప్పింది. పోలీసు చర్య జరిగిన ఏడు, ఆ గడబిడ ఇంకా సద్దుమణగకముందే, వికారాబాదులో ఒక రైల్వే ఉద్యోగి ఇంటికి రెండు పరుపులు ఇచ్చి రమ్మని ఆ పిల్లవాణ్ణి పంపించారు. వాడికి పద్దెనిమిదేళ్లు. పరుపులు అందాయి. మనిషి తిరిగి రాలేదు. బీదరు బండి ఎక్కుతుంటే చూశామని ఒకరన్నారు, పట్నం దిక్కు పోయాడని ఒకరన్నారు. అసలు ఆ రోజు పోవాల్సింది మా ఆయన. పని ఉందని తమ్ముణ్ణి పంపాడు. ఈ మాట నాకు అత్త చెప్పలేదు, మా ఆయనా చెప్పలేదు. ఎదురింటి పటేలమ్మ చెప్పింది. అప్పటినుంచి ఆయన ఆ పరుపును ఎందుకు ముట్టడో నేను అడగలేదు.

నెలకోసారి, అంగడి మరునాడు, అత్త వికారాబాదు పోయేది. నేను వచ్చాక నన్నూ వెంట తీసుకుపోయేది. పాసింజరు ధారూర్ దాటగానే కొంగు సర్దుకుని, తల తడుముకుని, చుట్టాలింటికి పోతున్నట్టు కూర్చునేది. వికారాబాదులో దిగి, బీదరు బండి ఆగే దిక్కున బల్ల మీద కూర్చునేవాళ్లం. దిగే ప్రతి మొహాన్నీ చూసేది. తర్వాత ఆ రైల్వే ఉద్యోగి ఇల్లు. అతను ఎప్పుడో బదిలీ అయిపోయాడు, ఇల్లు చేతులు మారింది. అయినా కొత్తగా వచ్చినవాళ్లకు మా మరిది ఎంత పొడుగో, ఏ చెవి కింద పుట్టుమచ్చో చెప్పి వచ్చేది. వాళ్లు మంచినీళ్లిచ్చేవాళ్లు. తిరుగు బండిలో ఆమె నాతో మామూలు మాటలే మాట్లాడేది, పప్పు నానబెట్టానా లేదా అని.

అరవైల మొదట్లో అత్త తమ్ముడు కుల్కచర్ల నుంచి వచ్చాడు. హజ్‌కు పోతున్నాడట, అక్కను తోడు తీసుకుపోతానన్నాడు. తాండూరులో రైలెక్కి బొంబాయి, అక్కడినుంచి ఓడ. అత్త ఆ రోజు నాలుగు రొట్టెలు ఎక్కువ చేసింది. మా ఆయనా సంతోషించాడు. సంతోషించి, అన్నం తింటూ ఒక మాట అన్నాడు. హజ్ అయ్యాక ఇంకా రోజులుంటాయి కదా, నీ ఉమ్రా నువ్వు చేసుకున్నాక నా తమ్ముడి పేరన ఇంకొకటి చెయ్యమ్మా, అని. మసీదు పెద్దాయనను అప్పటికే అడిగి వచ్చాడు. పోయినవాళ్ల పేరన చేయవచ్చని ఆయన చెప్పాడట. ఇంట్లో వాళ్లు దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో అలాగే చేసుకున్నారు. అత్త ఆ ఉమ్రా చేస్తే కొడుకు పోయాడని ఒప్పుకున్నట్టు. చేయకపోతే, తమ్ముడికోసం ఒక్కసారి కూర్చుని ఏడవడానికి కూడా మా ఆయనకు దారి లేనట్టు. అత్త లేచిపోయి దూది దులిపింది.

తర్వాత నెల రోజులు మా వాకిలి ఒక బడి అయింది. ఏకిన దూది కుప్ప నడుమ పెట్టుకుని అత్త దాని చుట్టూ తిరిగేది. కాబాను ఎడమ చేతి దిక్కు ఉంచుకుని తిరగాలి అని ఆమె తమ్ముడు చెప్పిపోయాడు. పటేలమ్మ పరుపు గుడ్డ ఇవ్వడానికి వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని కాసేపు చూసింది.

“గదేంది వదినె, ఉల్టా తిరుగుతున్నవ్? మేము గుళ్లె కుడి దిక్కు పెట్టుకొని తిరుగుతం.”

“మాది గిట్లనే. నువ్వు నడుమ రాకు, లెక్క తప్పుత.”

“నువ్వు మా గుడికొస్తివి, నేను మీ మక్కకొస్తిని అనుకో, ఇద్దరం ఎదురుపడి గుద్దుకుంటం,” అని పటేలమ్మ నవ్వింది. నవ్వుతూనే ఎడమకు తిరిగి ఒక చుట్టు తనూ వేసింది. ఇంకో సందేహం కూడా ఆమెదే. ఇంత జుట్టు గుండు చేయించుకు వస్తావా అని అడిగేటప్పుడు ఆమె గొంతు నిజంగా వణికింది. ఆడవాళ్లు వేలి కొసంత కత్తిరించుకుంటే చాలని అత్త చెబితే, గంతేనా, అని ఊపిరి పీల్చుకుంది.

ఒక్కో చుట్టుకు ఒక్కో పత్తి గింజ ఎడమ గుప్పిట్లోనుంచి కుడి గుప్పిట్లోకి మారేది. కాబా చుట్టూ తిరిగే తవాఫ్ తొందరగానే వచ్చింది. తర్వాతది సయీ. పసిబిడ్డ దాహానికి ఏడుస్తుంటే తల్లి హాజిరా నీళ్లకోసం రెండు గుట్టల నడుమ ఉరికిన దానికి గుర్తు అది. మా గుమ్మం ముందరి నాపబండ సఫా అనుకున్నాం, గేటు పక్క బండ మర్వా అనుకున్నాం. పోవడం ఒకటి, రావడం రెండు. నేనేమో పోయిరావడం కలిపి ఒకటి అనుకుని, ఆమెను పద్నాలుగు సార్లు తిప్పాను. ఎండలో ఆమె చెమటలు కారుస్తూ తిరిగింది. తప్పు తెలిసి నేను నాలుక కరుచుకుంటే, గేటు దగ్గరి బండ మీద కూర్చుని అంది:

“ఫికర్ చెయ్యకు బిడ్డా. గీ సయీ నాకు ఒకలు నేర్పేది లేదు. తాండూరుకు వికారాబాదుకు నడుమ నేనెన్నిసార్లు తిరిగిన్నో నీకెరుకే గద.”

నేను గింజలు ఏరి ఆమె కొంగున ముడివేశాను. 

బండెక్కించే రోజు తాండూరు స్టేషనుకు సగం వాడ వచ్చింది. మా ఆయన కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. “అమ్మా, నేను చెప్పింది...” అన్నాడు. అత్త ఆయన భుజం మీది దూది పోగు తీసి పారేసి, “పోయినంక సూస్త,” అంది. బండి కదిలింది.

నాలుగు నెలలకు వచ్చింది. మనిషి నల్లబడింది, చిక్కింది, మొహం మాత్రం తేటగా ఉంది. జమ్‌జమ్ నీళ్లు వాడలో అందరికీ గుక్కెడు గుక్కెడు పంచాం. పటేలమ్మ కూడా కళ్లకద్దుకుని తాగి, అత్త ముడి విప్పించి జుట్టు కొలిచి చూసుకుంది. ఓడ ముచ్చట్లు నడిచాయి. జనం పోయాక మా ఆయన అడిగాడు, రెండోది చేశావా అని. చేసిన, అంది అత్త. ఆయన ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు గాని, మొహం మీద ఏదో బరువు దిగినట్టుంది. పోయినవాళ్ల పడక ఇంట్లో ఉంచుకోకుండా అక్కరకున్నవాళ్లకు ఇవ్వడం మాలో వాడుక. మరునాడు పొద్దున్నే ఆయన, మరిది పరుపు మసీదులో బాటసారుల గదికి ఇచ్చి వద్దామని లోపలికి పోయాడు.

పరుపు అక్కడ లేదు. అత్త వాకిట్లో, ఒక కొస విప్పేసి, దూది బయటికి తీస్తోంది. చలికాలం ముందు కదా.

“చేసిన అన్నవ్ గదనే అమ్మా,” అన్నాడు ఆయన. గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయం వేసింది.

“చేసిన. వాని కోసమే చేసిన. మక్కల మేమున్న జాగల మనోళ్లను చూసుకునే పెద్దమనిషి ఉండె. ఆయన్ని అడిగిన, కొడుకు ఉన్నడో లేడో తెల్వదు, ఎట్ల చెయ్యాలె అని. నీ ఉమ్రా నువ్వు చెయ్యమ్మా, దాని పుణ్యం నీ కొడుక్కు ఇయ్యమని అల్లాను అడుగు, ఉన్నోళ్లకు చేరుతది, పోయినోళ్లకు చేరుతది అన్నడు. వాడు ఏడున్నడో నాకు తెల్వకుంటె ఏంది, అల్లాకు తెల్వదా?”

 అత్త దూది తీస్తూనే, తల ఎత్తకుండా ఇంకో మాట అంది.

“నీ పేరు గూడ చెప్పిన. గా దినం నువ్వు పంపినవని నీ మీద నాకు ఎన్నడు కోపం లేదని చెప్పిన. నీకు చెప్పాల్నని పదమూడేండ్ల సంది నాకు తట్టలే. గంత దూరం పోయినంక తట్టింది.”

ఆయన వాకిట్లో నాపబండ మీద కూలబడి ఏడ్చాడు. పెళ్లయ్యాక ఆయన ఏడవడం చూడటం నాకు అదే మొదలు. అత్త లేచి దగ్గరికి పోలేదు. దూది తీస్తూనే ఉంది. కాసేపటికి ఆయనే లేచి, గోడకు వేలాడుతున్న విల్లు దించి, తమ్ముడి దూది ముందు కూర్చున్నాడు. పొద్దెక్కేదాకా ఆ మోత ఆగలేదు. ఆ ఏడు ఆ పరుపు పొంగినట్టు మళ్లీ ఎన్నడూ పొంగలేదు.

వికారాబాదు పోవడం అత్త మానలేదు. కాకపోతే మా ఆయన కూడా వెంట వచ్చేవాడు, మొహాలు చూసే కళ్లు ఇంకో రెండు పెరిగాయి. అత్త పోయాక ఆ పరుపును ఏటా ఆయనే ఏకాడు. ఆయన పోయాక నేను చేతులతో విడదీశాను. విడదీసినప్పుడల్లా ఇంత దూది గాలికి పోతుంది, అది ఎవరూ పట్టుకోలేరు. పెద్ద పరుపు చిన్న పరుపయింది, చిన్న పరుపు బొంతయింది. ఇప్పుడు అది నా తలగడ.

మా మరిది ఉండి ఉంటే ఇప్పటికి తొంభై అయిదు దాటి ఉంటాయి. లెక్క నాకూ తెలుసు. కాగితం మళ్లీ ముందు పెట్టుకుని, ఆయన పేరు రాశాను. నా అక్షరాలు లావు కదా, ఒక పక్క మొదలుపెడితే గీత దాటి రెండో పక్కకు పోయాయి. మనవరాలు చూసి, “నానమ్మా, గీయన ఏ దిక్కు?” అంది. రాసిన తీరునే చదువుకో అన్నాను. తలగడ మీద తల పెట్టుకుంటే ఇప్పటికీ మెత్తగానే ఉంది. అరవై ఏళ్లుగా కాలం గుప్పెడు గుప్పెడు తీసుకుపోతూనే ఉంది, ఒక తల ఆనడానికి సరిపడా మాత్రం ఇంకా వదిలే ఉంచింది.