గుండుకు లడ్డు అడిగే ఊరు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెప్తాను. వాన పడుతోందని నేనంటే, మా ఆవిడ కిటికీలోంచి చెయ్యి చాపి చూసుకున్నాకే బట్టలు తీస్తుంది. మీరూ అంత జాగ్రత్తగానే చదవండి.

తొంభైల చివర్లో తిరుపతిలో ఒక హైస్కూల్లో తెలుగు చెప్పేవాణ్ణి. తొమ్మిదో తరగతిలో ఎంతమంది పిల్లలంటే, అందరూ ఒక్కసారి ఊపిరి పీలిస్తే నల్లబల్ల నాలుగు వేళ్ళు ముందుకు జరిగేది. మధ్యాహ్నం పీరియడుకు నాకు నిలబడే ఓపిక ఉండేది కాదు. సుద్దముక్కే నన్ను పట్టుకుని నిలబెట్టేది.

చివరి బెంచీలో నేపాల్ నుంచి వచ్చిన కుర్రాడు ఒకడు. వాళ్ళ నాన్న మా వీధి అపార్టుమెంటుకు వాచ్‌మన్. తల్లి అక్కడ నేపాల్లో, వాళ్ళ ఊళ్ళోనే ఉండిపోయింది. ఆ కుర్రాడు ఏడాదంతా మాట్లాడిన తెలుగు రాస్తే పోస్టుకార్డు నిండదు. పిల్లలు 'గూర్ఖా' అంటే పలికేవాడు. హాజరులో అసలు పేరు పిలిస్తే మాత్రం ఉలిక్కిపడేవాడు.

ఒక సోమవారం గుండుతో వచ్చాడు.

మా ఊళ్ళో గుండంటే మొక్కు. కొండకెళ్ళి జుట్టిచ్చి వచ్చినవాడు క్లాసుకంతా లడ్డు పంచాలి. అది మా బళ్ళో ప్రభుత్వ ఉత్తర్వుకన్నా గట్టి చట్టం. పంచనివాడి గుండు మీద తబలా వాయించే హక్కు అందరికీ ఉండేది.

"ఏం గూర్ఖా, మొక్కు తీరిందా? లడ్డు యాడ్రా?" ముందు బెంచీలోని అల్లరిరాయుడు మొదలుపెట్టాడు.

"కొండ మిందే మింగేసినాడు లేబ్బా!"

"వాని సంచీ సూడండ్రా!"

ఎవడో "గోవిందా" అన్నాడు. క్లాసంతా అందుకుంది. ఆ కేక పాకాల స్టేషన్లో ఆగిన రైలు దాకా వినబడి ఉంటుంది. నేను బల్ల మీద డస్టరు కొట్టి ఆపేసరికి సంచీ ఉంది, కుర్రాడు లేడు.

ఆ వారమంతా రాలేదు. శుక్రవారం సాయంత్రం వాళ్ళ నాన్న మా గుమ్మం ముందుకొచ్చి ఉన్నిటోపీ తీశాడు. ఆయనదీ గుండే.

"సార్, బాబు బడికి రాడంట. నాతో గేటు కాడ కూసుంటాడంట. వాళ్ళమ్మ ఊర్లో పోయింది సార్. మాకి మనిషి పోతే గుండు. ఈడ పిల్లోళ్ళు లడ్డు అడిగినారు."

"మీరు ఊరికి పోలేదా?"

"పోయేలోపల అంతా అయిపోయింది సార్."

 

మర్నాడు క్లాసులో ఉన్నదున్నట్టు చెప్పాను. అల్లరిరాయుడు లేచాడు.

"మాకేం తెలుసు సార్? వాడు సెప్పుంటే..."

"యాడ సెప్పాల్రా? మీరు గోవిందా అని అరస్తా ఉంటే?" అన్నాను.

కూర్చున్నాడు. ఆ సాయంత్రం నేను చెప్పకుండానే ఐదారుగురు వాచ్‌మన్ గదికి వెళ్ళారు. చావు జరిగిన ఇంటికి ఏం తీసుకెళ్ళాలో తెలియక, మళ్ళీ లడ్డే తీసుకెళ్ళారు, కొబ్బరికాయంతది! కర్మ అయ్యేదాకా తినకూడదని ఆ తండ్రి దాన్ని కిటికీలో పెట్టాడట.

సోమవారం కుర్రాడు వచ్చాడు. అల్లరిరాయుడు తన బెంచీలో పక్కకు జరిగి, "ఈడ కూసోబ్బా" అన్నాడు. అతను కూర్చున్నాడు. అందరి వంకా ఒకసారి చూసి, నవ్వాడు.

ఇంతవరకూ నేను పెంచినవి పెంచాను, అవి మీరే తగ్గించుకోండి. లేనిది తెచ్చిపెట్టింది మాత్రం ఒక్కటే, ఆ నవ్వు. వచ్చిన మాట నిజం. ఆ చోట కూర్చున్న మాట నిజం. పది పాసయ్యేదాకా నాగా లేకుండా వచ్చిన మాటా నిజమే. స్టాఫ్‌రూములో అందరం "పిల్లోడు కుదురుకున్నాడు" అనుకున్నాం. నేను మాత్రం పాఠం చెప్తూ చెప్తూ ఆ ముఖం వైపు చూసేవాణ్ణి. రెండేళ్ళు చూశాను. చూసీ చూసీ అలిసిపోయి, ఇవాళ కాగితం మీద నేనే నవ్వించాను.